ప్యాడుకీ రోటరుకీ మధ్య

సైకిలు స్టాండుకెక్కింది. వెనక చక్రం నేలకు జానెడు పైన గాల్లో ఉంది. మేస్త్రీ పెడలు మీద చెయ్యేసి ఒక్క తిప్పు తిప్పి వదిలేశాడు. ఫ్రీవీలు టకటకలాడుతోంది. దాని వెనక ఇంకో చప్పుడుంది, వినాల్సింది అదీ. సందులో ఆటోల హారన్లు కాసేపు పట్టించుకోకండి. చెవి హబ్బు దగ్గరికి తీసుకురండి. స్స్... స్స్... స్స్. సానరాయికి కత్తి తగిలీ తగలనట్టు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్కసారే, ప్రతిసారీ ఒకే చోట.

"రోటరు వంకరున్నాది," అన్నాడు మేస్త్రీ. ఇంకా ఏ పానా చేతిలోకి తీసుకోలేదు.

ఎలా తెలిసిందో ఆయన చెప్పడు, పనిలో పడిపోతాడు. కాబట్టి నేను చెబుతాను. హబ్బుతో పాటు తిరిగే గుండ్రటి రేకు రోటరు, దాన్ని రెండు వైపులా అదిమేవి ప్యాడ్లు, ఆ ప్యాడ్లను పట్టి ఉంచేది క్యాలిపర్. చప్పుడు ఆగకుండా ఒకే తీరుగా వస్తుంటే క్యాలిపర్ పక్కకు జరిగి ఉంటుంది, ప్యాడు రోటరును ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. చుట్టుకొకసారి వచ్చి పోతుంటే రోటరులోనే ఎక్కడో వంపుంది. ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. డిస్కు బ్రేకు పనిలో సగం ఈ వినడంలోనే తేలిపోతుంది.

మీరున్నది విశాఖపట్నంలో, జగదాంబ జంక్షన్ నుంచి లోపలికి తిరిగిన ఒక సందులో. వానలు వెనకబట్టిన కార్తీకం. రెండు సైకిళ్లు పక్కపక్కన పెడితే కొట్టు నిండిపోతుంది. మేకులకు టైర్లు, ట్యూబులు వేలాడుతున్నాయి. పంచరు చూసే నీళ్ల తొట్టి గుమ్మం బయట ఉంది. లోపలి బల్ల మీద మాత్రం గ్రీజు మరక కనిపించదు. తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద అలెన్ కీలు, టార్క్స్ కీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, సిరంజీ, రబ్బరు గ్లవ్సు వరసగా పెట్టుకున్నాడు. డిస్కు బ్రేకుల పనికి ఆ బల్ల వేరు. చెయిన్‌కు ఆయిలు వేసిన చేత్తో దాన్ని ముట్టుకోడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఆ ఒక్క కట్టుబాటు చూసే ఈయన పని తెలిసినవాడని నాకు నమ్మకం కుదిరింది.

స్టాండు మీదున్న సైకిలు తొమ్మిదో తరగతి కుర్రాడిది. ఫ్రేము మీద పెద్ద అక్షరాలతో డబుల్ డిస్క్ అని స్టిక్కరుంది. వాళ్ల నాన్న హెల్మెట్ తియ్యకుండానే విషయం చెప్పేశాడు. "బ్రేకు బొత్తిగా పట్టట్లేదు మేస్త్రీ. కాస్త బిగించెయ్, బేగి వెళ్లాలి."

"బిగించీసే పనైతే మీరు ఇంటికాడే బిగించీసుకుందురు బాబూ. కూకోండి."

ఆ తండ్రిని తప్పు పట్టడానికి లేదు. ఆయన తొక్కి పెరిగింది రాడ్డు బ్రేకుల సైకిలు. బ్రేకు పట్టకపోతే నట్టు వదులు చేసి, రాడ్డు కాస్త పైకి లాగి మళ్లీ బిగిస్తే రబ్బర్లు రిమ్ముకు దగ్గరయ్యేవి. పని అయిపోయేది. ఆ అలవాటే ఇప్పుడు డిస్కు బ్రేకుల మీదికీ వచ్చింది. బ్రేకు వదులైతే తీగ లాగి బిగించడం, మళ్లీ వదులైతే మళ్లీ లాగడం. అది ఎక్కడికి దారి తీస్తుందో చూడాలంటే మేస్త్రీ పక్కన గొంతుక్కూర్చుని క్యాలిపర్ వైపు చూడండి.

తీగ వచ్చి పట్టుకున్న చోట ఒక చిన్న ఇనప చెయ్యి కనిపిస్తోందా? ఆర్మ్ అంటారు దాన్ని. లివరు వదిలేసినప్పుడు అది పూర్తిగా వెనక్కి పడుకుని ఉండాలి. ఇక్కడ సగం దూరం ముందే లేచి ఉంది. ఇంతకుముందు ఎవరో తీగ లాగి బిగించారు, ఒకసారి కాదు, చాలాసార్లు. ఈ రకం బ్రేకులో ఆర్మ్ తిరిగితే లోపల వాలు గాడుల్లో ఉన్న చిన్న గుండ్లు దొర్లి బయటి ప్యాడ్‌ని రోటరు మీదికి నెడతాయి. ఆర్మ్ తిరగడానికి ఉన్న దూరమే కొంచెం. అందులో సగం కదలకముందే ఖర్చయిపోతే, కుర్రాడు లివరు ఎంత నొక్కినా ప్యాడు రోటరును గట్టిగా అదమలేదు. బిగించిన కొద్దీ బ్రేకు బలం తగ్గుతూ వచ్చిందన్నమాట.

ఇంకో సంగతి ఉంది, అది చాలామందికి కనిపించదు. ఇలాంటి తీగ బ్రేకుల్లో ఎక్కువ వాటికి కదిలే ప్యాడు ఒక్కటే, బయటిది. లోపలి ప్యాడు, అంటే స్పోకుల వైపు ఉన్నది, కదలకుండా గోడలా నిలబడి ఉంటుంది. బయటి ప్యాడు వచ్చి రోటరును ఇసుమంత పక్కకు వంచి లోపలి ప్యాడు మీద ఆనిస్తుంది. అప్పుడు రెండు వైపులా పట్టు దొరుకుతుంది. ప్యాడ్లు అరిగిన కొద్దీ ఆ లోపలి దాన్ని కూడా రోటరు దగ్గరికి జరుపుకుంటూ రావాలి. దానికో స్క్రూ ఉంటుంది. అది స్పోకుల మధ్య నుంచి కీ దూర్చితే గానీ అందదు, అందుకే దాని జోలికి ఎవరూ పోరు.

మేస్త్రీ మొదట చక్రం యాక్సిల్ వదులు చేసి, మళ్లీ స్లాటులో పూర్తిగా కూర్చోబెట్టి బిగించాడు. చక్రం వంకరగా కూర్చుంటే క్యాలిపర్‌ని ఎంత సర్దినా దండగే. తరవాత తెల్ల కాగితం ముక్క ఒకటి క్యాలిపర్ వెనక పట్టుకోమని మీకిచ్చాడు. పట్టుకోండి. ఇప్పుడు చూస్తే నల్లటి రెండు ప్యాడ్ల నడుమ రోటరు, దానికి అటూ ఇటూ తెల్లటి రెండు గీతలు. ఆ గీతల మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. చక్రం నెమ్మదిగా తిప్పితే ఒకచోట ఎడమ గీత సన్నబడి, సన్నబడి, మాయమైపోయింది. స్స్.

అక్కడ మార్కరుతో చుక్క పెట్టాడు. చిన్న స్క్రూ పానా మూతిని ఆల్కహాలుతో తుడిచి, రోటరు అంచును పట్టుకుని వంపుకు ఎదురు దిశలో నొక్కాడు. ఎంత నొక్కాడంటే, చెయ్యి కదిలినట్టే మీకు కనిపించలేదు. మళ్లీ తిప్పాడు, చూశాడు, మళ్లీ నొక్కాడు. ఆయన తొందరపడట్లేదు. ఎక్కువ వంచితే అటు పోతుంది, మళ్లీ ఇటు తేవాలి, అలా అటూ ఇటూ వంచిన రేకు నిలబడదు. కాసేపటికి తెల్ల గీత చుట్టంతా తెగకుండా నిలిచింది. చప్పుడు పోయింది.

"ఇది ఎలగ వంగిందీ?" అని కుర్రాణ్ని అడిగాడు.

కుర్రాడు నేల చూపులు చూశాడు. స్కూల్లో సైకిళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఆనించి పెడతారట. పక్క సైకిలు పెడలు వచ్చి రోటరుకు గుద్దుకుంది. చాలా రోటర్లు వంగేది అలాగే, రోడ్డు మీద కాదు.

ఇప్పుడు ప్యాడ్లు. మేస్త్రీ చక్రం విప్పి పక్కన ఆనించాడు, రోటరు పైకి ఉండేలా. పిన్ను లాగి, ప్యాడ్లు రెండూ బయటికి తీసి, ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మీకూ ఇచ్చాడు. వాసన చూడండి.

డీజిలు.

"వాటర్ సర్వీసింగుకి ఇచ్చారేటి?"

"పోయిన ఆదివారం నా బండితో పాటు కడిగించాం," అన్నాడు తండ్రి.

సర్వీసింగు పాయింట్లలో బండి కడిగాక మెరుపు కోసం డీజిలు పిచికారీ చెయ్యడం మన ఊళ్లలో మామూలే. డ్రమ్ము బ్రేకులున్న బండికి దానివల్ల పెద్ద నష్టం లేదు, బ్రేకు లోపల మూసుకుని ఉంటుంది. సైకిలు రోటరు మాత్రం బహిరంగంగా ఉంటుంది. ప్యాడు పొర సన్నటి రంధ్రాలున్న పదార్థం, నూనె ఏదైనా పీల్చేసుకుంటుంది. చెయిన్ స్ప్రే తుంపర, టైరు మెరుపు కోసం పూసే సిలికాన్, తలకు నూనె రాసుకున్న చేతి వేలిముద్ర కూడా చాలు. అప్పట్నుంచి బ్రేకు పట్టదు, పైగా వీధి చివర దాకా వినిపించేలా కీచుమంటుంది. ఎమరీ పేపరు మీద రుద్దడం, మంట మీద కాల్చడం లాంటివి కొందరు చేస్తారు. పైపైన అంటుకున్న మరకైతే రుద్దితే పోవచ్చు. లోపలికి ఇంకిపోయిన నూనె మాత్రం రెండు రోజుల్లో మళ్లీ పైకొస్తుంది. పిల్లవాడు ట్రాఫిక్కులో తొక్కే సైకిలుకి ఆ ప్రయోగాలు ఎందుకు? కొత్త ప్యాడ్లు వెయ్యాలి. మేస్త్రీ కూడా అదే అన్నాడు, ధర చెప్పాడు, తండ్రి తలూపాడు. హెల్మెట్ ఇప్పుడు తీశాడు.

రోటరును ఆల్కహాలు తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచాడు. మొదటి గుడ్డ నల్లబడింది. రెండోది బూడిద రంగులో వచ్చింది. మూడోది తెల్లగా వచ్చేదాకా ఆగలేదు. కొత్త ప్యాడ్లు పెట్టి చక్రం ఎక్కించాక అసలు సర్దుబాటు మొదలైంది, అది పది నిమిషాల పని కూడా కాదు. తీగ పట్టిన బోల్టు విప్పేశాడు. ఆర్మ్ టక్కున వెనక్కి పడుకుంది. లివరు దగ్గరున్న బ్యారెల్ అడ్జస్టరును పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు బయటికి తెచ్చాడు, రేపటి అవసరానికి. క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, స్పోకుల మధ్య నుంచి అలెన్ కీ దూర్చి లోపలి ప్యాడును రోటరుకు ఆనేదాకా తెచ్చాడు. ఆర్మ్‌ని చేత్తో నొక్కి బయటి ప్యాడును ఇటు ఆనించాడు. క్యాలిపర్ తనంతట తనే రోటరుకు సమంగా సర్దుకుంది. అలా నొక్కి పట్టుకునే బోల్టులు బిగించాడు, ఇది కొంచెం, అది కొంచెం. తరవాత లోపలి స్క్రూ పావు చుట్టు వెనక్కి. చివరగా తీగను ఆర్మ్ కదలనంత మేరకే లాగి బోల్టు బిగించాడు.

"నొక్కు బాబూ. గట్టిగా. ఇంకా."

కుర్రాడు బలమంతా పెట్టి నొక్కాడు. కొత్తగా కట్టిన తీగ సాగుతుంది, గొట్టం చివరలు కొలుకుల్లో కూర్చుంటాయి. ఆ సాగేదేదో ఇక్కడే సాగాలి. నాలుగైదు నొక్కుల తరవాత లివరు మళ్లీ కాస్త వదులైంది, బ్యారెల్ అడ్జస్టరు అర చుట్టుతో సరిపోయింది. దాని పని అదే, ఈ చిన్న తేడాలు సర్దడం. ప్యాడు అరుగుదలను కూడా దాని మీదే నెట్టేస్తే మళ్లీ పాత కథే.

తీగ గొట్టం చివర తుప్పు కనిపించింది. సముద్రం ఇంత దగ్గర ఉన్నచోట అది తప్పదు. రోటరు స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి ఉప్పుగాలిని తట్టుకుంటుంది, తీగకూ చిన్న బోల్టులకూ ఆ శక్తి తక్కువ. వచ్చే వానాకాలం ముందు తీగా గొట్టమూ మార్చమని చెప్పి సైకిలు దించేశాడు.

ఇప్పుడు మీది ఎక్కుతుంది.

మీది హైడ్రాలిక్. తీగ లేదు, గొట్టం నిండా నూనె. ఎల్లుండి అరకు వెళ్లి, మర్నాడు ఘాట్ దిగాలి. లివర్లు నొక్కి చూడండి. ఎడమది, వెనక చక్రానిది, సగం దూరంలో గట్టిగా ఆగింది. కుడిది, అంటే ముందు చక్రానిది, మెత్తగా లోపలికి పోయి హ్యాండిలుకు దాదాపు తగిలింది. వదలండి. వెంటవెంటనే మూడుసార్లు నొక్కండి. మూడోసారికి గట్టిపడింది కదా?

"ఎయిరు," అన్నాడు మేస్త్రీ.

నూనె నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో బుడగలు చేరితే మీ వేలి బలం ప్యాడు దాకా పోకుండా ఆ బుడగల్ని అదమడానికే సరిపోతుంది. ఎయిరు తీసే ముందు ఆయన ప్యాడ్ల మందం చూశాడు, ఎందుకంటే లివరు లోతుగా పోవడానికి అరిగిన ప్యాడ్లు కూడా కారణం కావచ్చు. బ్రేకులు చేసే షిమానో కంపెనీ లెక్కలో రాపిడి పొర అర మిల్లీమీటరుకు తగ్గితే మార్చెయ్యాలి. మీవి బాగానే ఉన్నాయి. రోటరు మందం కూడా కొలిచాడు. కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వస్తే పక్కన పడెయ్యాలి. ఆ అంకె రోటరు మీదే చెక్కి ఉంటుంది, చూడండి. ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్నా దాన్ని చదివినవాళ్లు తక్కువ.

బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో మినరల్ ఆయిలు. రెండోదాంట్లో డాట్ 5.1. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకూడదు. షిమానో బ్రేకులన్నీ మినరల్ ఆయిలువి. శ్రామ్ కంపెనీ చాలాకాలం డాట్ వాడి, ఈమధ్య కొన్ని మోడళ్లలో మినరల్‌కు మారింది. దేని రబ్బరు సీళ్లు దాని నూనెకు తగ్గట్టు చేసినవి. మారిస్తే ఉబ్బిపోతాయి, బ్రేకు మొత్తం పాడవుతుంది. దారిలో ఇబ్బంది వచ్చినప్పుడు పక్కనున్న మోటారు మెకానిక్కు మంచి మనసుతోనే తన దగ్గరున్న బ్రేక్ ఆయిలు పోస్తానంటాడు. అది డాట్. మీ బ్రేకు మినరల్ అయితే చేతులు జోడించి వద్దనండి. లివరు మూత మీద ఏ నూనో రాసి ఉంటుంది, ఇంటికెళ్లాక కాదు, ఇప్పుడే చదువుకోండి.

మేస్త్రీ ముందు చక్రం తీశాడు. ప్యాడ్లు తీసి శుభ్రమైన కాగితంలో చుట్టి దూరంగా పెట్టాడు, వాటి చోటులో ప్లాస్టిక్ దిమ్మ దూర్చాడు. అది లేకుండా ఎవరైనా లివరు నొక్కితే పిస్టన్లు బయటికి తోసుకొస్తాయి. చక్రం విప్పి కారులో పెట్టుకుని తీసుకెళ్లేవాళ్లకు ఇది బాగా తెలియాలి. డిక్కీలో ఏ సంచో లివరు మీద పడితే చాలు, దిగాక రోటరు ప్యాడ్ల మధ్య దూరదు.

లివరు నేలకు సమాంతరంగా వచ్చేలా తిప్పి, పైనున్న చిన్న స్క్రూ తీసి, అక్కడ గరాటు బిగించాడు. కింద క్యాలిపర్ నిపిల్‌కు సన్నటి పారదర్శక గొట్టం, దాని చివర సిరంజీ. సిరంజీలోంచి ఎర్రటి కొత్త నూనె నెమ్మదిగా పైకి నెట్టాడు. గరాటులో చూస్తూ ఉండండి. మొదట పాత నూనె వచ్చింది, ముదిరిన బూడిద రంగులో. దాని వెనక ఆవగింజంత బుడగ ఒకటి పైకి తేలి పగిలింది. తరవాత ఒక గుంపు. తరవాత ఏమీ లేదు. స్క్రూడ్రైవరు పిడితో గొట్టం పొడుగునా మెల్లగా తట్టాడు. వంపులో దాక్కున్న ఇంకో రెండు బుడగలు కదిలి వచ్చాయి. లివరు కొంచెం నొక్కి వదిలాడు, ఇంకొకటి. ఈ పనిలో నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఇదే. కొండ మీద మనిషిని ఆపాల్సిన బలాన్ని మింగేసింది ఈ కాసిన్ని బుడగలే.

నూనె నికరంగా ఎర్రగా నిలిచాక నిపిల్ బిగించి, గరాటు తీసి, కారిన చుక్కల్ని ఆల్కహాలుతో తుడిచాడు. అంతా తుడిచాకే గ్లవ్సు మార్చి ప్యాడ్లున్న కాగితం విప్పాడు.

ఇప్పుడు క్యాలిపర్ సర్దాలి. బోల్టులు వదులు చేసి, లివరు నొక్కి పట్టుకుని, బోల్టులు బిగించడం అందరికీ తెలిసిన పద్ధతి. చాలాసార్లు పనిచేస్తుంది. కొన్నిసార్లు బోల్టు తల తిరుగుతూ క్యాలిపర్‌ని కూడా తనతో లాక్కుపోతుంది. అప్పుడు మళ్లీ తెల్ల కాగితమే దిక్కు. కాగితం వెనక పట్టుకోండి, రెండు గీతలూ సమానంగా కనిపించేదాకా ఆయన గోటి కొసతో క్యాలిపర్‌ని నెడతాడు. బిగింపు టార్క్ పానాతో, 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య.

లివరు నొక్కండి. రాయిలా ఆగింది.

"రేపు పొద్దున్నే బెడ్డింగ్ చేసుకో బాబూ. ఈ పాత ప్యాడ్లే అయినా రోటరు కడిగీసినాను కదా." ఆ తరవాత ఇంకో మాట చెప్పాడు. "ఘాట్ మీద లివరు పట్టుకుని కూకోకు. పట్టు, ఒగ్గు. పట్టు, ఒగ్గు."

బెడ్డింగ్ కోసం తెల్లవారుజామున రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తే రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఎడమన కొండలు, కుడిన సముద్రం. ఒక మోస్తరు వేగం అందుకుని, నిలకడగా బ్రేకు వేసి నడక వేగానికి తీసుకురండి. పూర్తిగా ఆగకండి. చక్రం బిగుసుకుని జారనివ్వకండి. వదిలి మళ్లీ తొక్కండి. ఇలా ఇరవైసార్లు. తరవాత ఇంకాస్త వేగంగా పదిసార్లు. మొదటి నాలుగైదు సార్లు బ్రేకు నిరాశ పరుస్తుంది. ఎనిమిదో తొమ్మిదో సారికి వేలి కింద తేడా తెలుస్తుంది. ప్యాడు పొర సన్నటి పూతగా రోటరు మీదికి చేరుతోంది, ఆ పూత మీద ప్యాడు పట్టే పట్టే డిస్కు బ్రేకు అసలు బలం. ఒక్కసారిగా ఆగిపోతే ఆ పూత ఒకేచోట మందంగా అంటుకుని, తరవాత బ్రేకు వేసినప్పుడల్లా గుడగుడలాడుతుంది. కొత్త ప్యాడ్లు వేయించుకుని నేరుగా ట్రాఫిక్కులోకి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. నిన్నటి కుర్రాడికి కూడా ఇది చెప్పి పంపాడు మేస్త్రీ, చేశాడో లేదో.

అరకు నుంచి తిరుగు దారి. సుంకరిమెట్ట కాఫీ తోటలు దాటారు, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు చుట్టుకుని ఉన్నాయి. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇక్కణ్నుంచి అనంతగిరి, డముకు, టైడా మీదుగా కింద బొడ్డవర దాకా వెయ్యి మీటర్లకు పైగా దిగాలి. మీరూ సైకిలూ సామానూ కలిపి 85 కిలోలనుకుంటే, ఆ ఎత్తు దిగేసరికి 8 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట కరగాలి. రెండున్నర లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి అది చాలు. గాలి ఒరిపిడి కొంత తీసుకుంటుంది. మిగిలిందంతా మోసేది నూట పాతిక గ్రాముల దరిదాపులో ఉండే రెండు రోటర్లు, వాటి ప్యాడ్లు.

రాత్రి కురిసిన వానకు రోడ్డు ఇంకా తడిగా ఉంది. మొదటి మలుపు ముందు బ్రేకు వెయ్యండి. రోటరు కీచుమంది, తడి ఆరగానే చప్పుడు పోయింది. రిమ్ము బ్రేకుల రోజుల్లో ఇక్కడ ప్రాణం గొంతులోకి వచ్చేది. తడిసిన రిమ్మును రబ్బర్లు పట్టుకోవడానికి చక్రం కొన్ని చుట్లు తిరగాల్సి వచ్చేది. రోడ్డు రేసుల్లో డిస్కు బ్రేకులు వద్దని చాలామంది వాదించారు, 2016లో ప్యారిస్–రూబే రేసు తరవాత వాటి ప్రయోగాన్ని కొంతకాలం ఆపేశారు కూడా. చివరికి 2018 జూలై నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పూర్తిగా ఒప్పుకుంది. ఇలాంటి తడి ఘాట్ మీద ఒక్కసారి దిగినవాళ్లకు ఆ వాదన ఎటు ముగియాలో ముందే తెలుసు.

పట్టండి. మలుపులోకి వెళ్లేముందు, సైకిలు నిటారుగా ఉండగానే, రెండు లివర్లూ కలిపి, ముందుది ఎక్కువ బలంతో. వేగం తగ్గింది. ఒగ్గెయ్యండి. మలుపు తిరగండి. ఇప్పుడు గాలి రోటరు రంధ్రాల్లోంచి దూసుకుపోయి దాన్ని చల్లారుస్తోంది. మళ్లీ మలుపు. పట్టండి. ఒగ్గెయ్యండి. మీ ముందు వెళ్తున్నాయన భయంతో లివరు వదలకుండా మెల్లగా నొక్కి పట్టుకునే దిగుతున్నాడు. మెల్లగా దిగుతున్నాడు కాబట్టి గాలి తీసుకునే వాటా తగ్గిపోయింది, వేడంతా బ్రేకులదే, చల్లారే సందు లేదు. టైడా దగ్గరికి వచ్చేసరికి ఆయన బ్రేకుల నుంచి కాలిన వాసన వస్తోంది. ఆపి, పక్కన నిలబెట్టండి ఆయన్ని. ఆ రోటరును ముట్టుకోనివ్వకండి, వేలు కాలిపోతుంది. నీళ్లు పొయ్యనివ్వకండి, వేడి రేకు వంగిపోతుంది. కాసేపు టీ తాగితే అదే చల్లారుతుంది. ప్యాడ్లు వేడికి నున్నగా మెరిసిపోయి ఉంటే ఊళ్లోకి వెళ్లాక తీసి చూడాల్సిందే.

బొడ్డవర చేరారు. కుడి లివరు నొక్కండి. పైన గాలికొండ దగ్గర ఎక్కడ ఆగిందో ఇక్కడా అక్కడే ఆగింది. నూనె మరగలేదు, ఎయిరు లేదు.

కానీ ముందు చక్రం ఎత్తి తిప్పితే సన్నటి చప్పుడుంది. ఆగకుండా, ఒకే తీరుగా. కాబట్టి రోటరు వంకర కాదు. జేబులోంచి పెట్రోలు బంకు రసీదు తీసి క్యాలిపర్ వెనక పట్టండి. కుడి గీత వెడల్పుగా ఉంది, ఎడమ గీత లేదు. ఎడమ పిస్టను బయటికి వచ్చి మళ్లీ వెనక్కి పోవట్లేదు. పిస్టను చుట్టూ ఉండే, చదరపు అడ్డకోత ఉన్న రబ్బరు సీలు, బ్రేకు వేసినప్పుడు ముందుకు మెలిపడి, వదలగానే తిరిగి నిటారై పిస్టన్‌ని తనతో వెనక్కి లాగుతుంది. ఆ వెనక్కి లాగడం వల్లే ప్యాడుకీ రోటరుకీ మధ్య సందు. ఘాట్ మీద తడిసిన ధూళి పిస్టను అంచుకు పట్టి దాన్ని వెనక్కి జారనివ్వట్లేదు.

ఇంటికెళ్లాక చక్రం, ప్యాడ్లు తియ్యండి. కుడి పిస్టను కదలకుండా ప్లాస్టిక్ టైరు లివరు అడ్డం పెట్టి, బ్రేకు లివరు మెల్లగా నొక్కి ఎడమదాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి రప్పించండి, అంతకు మించి వద్దు. ఆల్కహాలులో ముంచిన చెవి పుల్లతో దాని చుట్టూ తుడవండి, నలుపు రావడం ఆగేదాకా. పుల్ల కొసన ఒక్క చుక్క మినరల్ ఆయిలు పిస్టను పక్కలకు రాసి, ప్లాస్టిక్ లివరుతోనే లోపలికి నెట్టండి. స్క్రూడ్రైవరు వద్దు, సెరామిక్ పిస్టను అంచు ఇట్టే పెచ్చూడుతుంది. నాలుగుసార్లు బయటికి, లోపలికి. మిగిలిన నూనె ఆనవాలు లేకుండా తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు ప్యాడ్లు ముట్టుకోండి.